గోబీ గుట్ట కింద రాగి, బంగారం: సందేహాలు - సమాధానాలు

మంగోలియాలోని ఓయు టోల్గోయ్ రాగి - బంగారం నిక్షేపం మీద పోయిన సంచికలో రాసిన వ్యాసానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: అంత పెద్ద కంపెనీ చేతికందిన దాన్ని ఎలా వదిలేసింది? దానికి జవాబు కాస్త పొడుగ్గానే చెప్పాలి. ఒకే తీరున ఉన్న మిగతా ప్రశ్నలను కలిపేసి సమాధానాలు ఇస్తున్నాను.

*

"అయ్యా, ఎడారిలో అంత మారుమూల రాగి ఉందని మొదట ఎవరికి తెలిసింది? ఉపగ్రహాలు కనిపెట్టాయా?"
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తాడిపత్రి

ఉపగ్రహాలు కావండీ, గుట్టే చెప్పింది. ఓయు టోల్గోయ్ మంగోలియా దక్షిణపు కొసన, ఖాన్‌బోగ్డ్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఉంది. చైనా సరిహద్దుకు 80 కిలోమీటర్లు, సొంత రాజధాని ఉలాన్‌బాతర్‌కు 550 కిలోమీటర్లు. చుట్టూ బయలు, అక్కడక్కడా చిన్న గుట్టలు, రాళ్ల మీద ఆకుపచ్చ, నీలం మరకలు. ఇంట్లో రాగి బిందెను కొన్నాళ్లు తోమకుండా వదిలేస్తే చిలుం పడుతుంది కదా, ఆ రాళ్ల మీది పచ్చదనం కూడా ఆ జాతిదే. లోపలి రాగి ఖనిజం గాలికీ తేమకూ కార్బొనేటుగా మారి పైకి కనబడుతోంది. మాలకైట్ అంటాం.

కంచు యుగం నాటి మనుషులు ఈ మరకలను చూసే అక్కడ తవ్వారు. వాళ్ల చిన్న చిన్న గుంతలు ఆధునిక సర్వే వాళ్లకు కనిపించాయి. కర్ణాటకలోని కోలార్‌లోనూ ఇలాగే జరిగింది. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఆ ప్రాంతానికి వచ్చేనాటికే అక్కడి పల్లె జనం మట్టి కడిగి బంగారం తీస్తున్నారు. పాతకాలపు తవ్వకం కనబడితే భూవిజ్ఞాని ముందు దాని చుట్టూ తిరుగుతాడు. పనికిరాని చోట ఒళ్లు హూనం చేసుకుని ఎవరూ తవ్వరు.

1980లలో సోవియట్, మంగోలియా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన రసాయన సర్వేలో ఆ చుట్టుపక్కల మాలిబ్డినం ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని తేలింది. 1983లో డోన్‌డోగ్ గరామ్‌జావ్ అనే మంగోలియా భూవిజ్ఞాని అక్కడికి వెళ్లి, రాళ్లు వేడి ద్రవాలకు మారిపోయిన తీరునూ, రాగి జాడలనూ గుర్తించారు. 1996లో మాగ్మా కాపర్ అనే కంపెనీ బృందాన్ని ఆ గుట్ట దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆయనే. మాగ్మాను అప్పటికే ఆస్ట్రేలియా కంపెనీ బీహెచ్‌పీ కొనేసింది. గనుల చరిత్రల్లో పెట్టుబడి పెట్టినవాళ్ల పేర్లు ముందుంటాయి. ఈ కథలో మొదటి పేరు గరామ్‌జావ్‌ది కావాలని నా అభిప్రాయం. 13 ఏళ్లపాటు ఆ చోటును మరిచిపోకుండా మనసులో పెట్టుకున్నవాడు ఆయన.

*

"సార్, పోర్ఫిరీ నిక్షేపం అని పరీక్షల కోసం బట్టీ పట్టాం. కానీ రాగీ బంగారమూ ఒకే చోట ఎందుకు చేరతాయో అర్థం కాలేదు. కోలార్‌లో బంగారం ఉంది, రాగి గని లేదు కదా?"
— జియాలజీ విద్యార్థిని, కర్నూలు

చాలా మంచి ప్రశ్న అమ్మా. తేడా అంతా లోహాలను మోసుకొచ్చిన నీటిలో ఉంది.

ఓయు టోల్గోయ్ సంగతి ముందు చూద్దాం. దాదాపు 37 కోట్ల ఏళ్ల కిందట, డెవోనియన్ యుగం చివర, అక్కడ గోబీ లేదు. సముద్రంలో అగ్నిపర్వత ద్వీపాల వరుస ఉంది, ఈనాటి ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల మాదిరిగా. సముద్రపు అడుగు పలక ఆ ద్వీపాల కిందికి దిగేకొద్దీ దానిలోని నీరు పైకి వెలువడి, పైనున్న మాంటిల్‌ను కరిగించింది. అలా పుట్టిన మాగ్మాలో నీరు, క్లోరిన్, గంధకం దండిగా ఉంటాయి. ఆ మాగ్మా నేలకు కొన్ని కిలోమీటర్ల లోతుకు చేరి చల్లబడుతున్నప్పుడు నీరు దానిలో ఇమడలేక విడిపోతుంది. విడిపోయిన నీరు ఉత్త నీరు కాదు, చిక్కటి వేడి ఉప్పునీరు. క్లోరిన్ ఉంది కాబట్టి రాగిని మోస్తుంది, బంగారాన్నీ మోస్తుంది. పీడనం పెరిగి చుట్టూ ఉన్న రాయి వేల చీలికలుగా పగులుతుంది. ఉప్పునీరు ఆ చీలికల్లోకి చొరబడి, 700 డిగ్రీల వేడి నుంచి 300 వైపు దిగే దారిలో పలుగురాయిని, చాల్కోపైరైట్, బోర్నైట్ వంటి రాగి ఖనిజాలను అక్కడ వదిలేస్తుంది. బంగారం ఆ రాగి ఖనిజాల లోపలా, అంచులనా కంటికి కనబడనంత సన్నటి రేణువులుగా ఉండిపోతుంది. ఓయు టోల్గోయ్‌లో ఈ ద్రవాలు చొరబడింది ఇనుము ఎక్కువగా ఉన్న నల్లటి బసాల్ట్‌లోకి, దానిలోకి దూసుకొచ్చిన మాంజోడయోరైట్ శిలలోకి. ఇనుము ఎక్కువగా ఉన్న రాయి గంధకాన్ని పట్టుకుంటుంది, దాంతో లోహాలు అక్కడే దిగబడిపోతాయి. ఇలా పుట్టినదాన్నే పోర్ఫిరీ నిక్షేపం అంటాం.

కోలార్ దారి వేరు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి పొరలు నొక్కుకుని మారిపోతున్నప్పుడు, లోతైన పగుళ్ల వెంట పైకి వచ్చిన నీరు అది. దానిలో ఉప్పు తక్కువ. గంధకం, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి. బంగారం గంధకంతో జత కట్టి ప్రయాణం చేయగలదు. రాగికి మాత్రం క్లోరిన్ తోడు కావాలి. ఉప్పు లేని నీరు రాగిని వెనకే వదిలేసి బంగారాన్ని మాత్రం తెచ్చి పలుగురాతి సిరల్లో పెట్టింది. రామగిరి, జొన్నగిరి, చిగురుగుంట బంగారం కూడా ఈ రకానిదే.

ఓయు టోల్గోయ్ అంతటా ఒకే తీరుగా ఉంటుందని మాత్రం అనుకోకండి. నైరుతి భాగంలో బంగారం పాలు ఎక్కువ. ఉత్తరాన భూమి లోపల దాగిన హ్యూగో డమెట్ భాగంలో రాగి చిక్కగా ఉంది. ఒకే మాగ్మా కుటుంబానికి చెందిన నిక్షేపాల గొలుసు అది, ఒకే ముద్ద కాదు.

*

"బీహెచ్‌పీ లాంటి కంపెనీ రెండేళ్లు వెతికి వదిలేసిందని, ఆ తర్వాత వచ్చిన చిన్న కంపెనీకి అదే చోట ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో ఒకటి దొరికిందని రాశారు. అంత అనుభవం ఉన్నవాళ్లు పొరపాటు ఎలా చేశారు? తెలివితక్కువా, దురదృష్టమా?"
— బ్యాంకు ఉద్యోగిని, ఖమ్మం (ఈ ప్రశ్ననే మరికొందరూ అడిగారు)

రెండూ కావు. దీన్ని తెలివితక్కువతనంగా చెప్పుకోవడం అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్లు నేలను అడిగిన ప్రశ్న వేరు, తర్వాత వచ్చినవాళ్లు అడిగింది వేరు.

1997, 1998లలో బీహెచ్‌పీ వాళ్లు అక్కడ చేయవలసిన పనులన్నీ చేశారు. భూపటాలు గీశారు, వాగుల ఇసుక పరీక్షించారు, అయస్కాంత సర్వే చేశారు, నేలలోకి కరెంటు పంపి సల్ఫైడ్ ఖనిజాలు ఎక్కడున్నాయో చూసే ఐపీ సర్వే కూడా చేశారు. మొత్తం 23 రంధ్రాలు వేశారు. వాటిలో ఎక్కువ భాగం లోతు తక్కువవి. ఎందుకంటే వాళ్లు ముఖ్యంగా వెతికింది పైపొరల్లో ఉండే చాల్కోసైట్ కోసం.

అదేమిటో చెప్పాలి. గంధకం కలిసిన ఖనిజాలు నేల పైభాగాన గాలికీ వానకూ గురైతే ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం రాగిని కరిగించుకుని కిందికి దిగుతుంది. భూగర్భ జలమట్టం దగ్గర ఆక్సిజన్ అందదు కాబట్టి రాగి మళ్లీ గంధకంతో కలిసి నల్లటి చాల్కోసైట్‌గా పేరుకుంటుంది. దాని బరువులో దాదాపు 80 శాతం రాగే. పైన మిగిలేది రాగి కారిపోయిన తుప్పురంగు రాయి. ఓయు టోల్గోయ్‌లో ఈ పని జరిగింది క్రెటేషియస్ యుగంలో, గోబీలో రాక్షసబల్లులు తిరిగిన కాలంలో. ఈ పొర లోతు తక్కువలో ఉంటుంది, రాగి తీయడం తేలిక. చిలీ, అరిజోనా గనుల్లో లాభాలు తెచ్చిపెట్టింది ఇలాంటి పొరలే. మాగ్మా కాపర్ అరిజోనా కంపెనీయే. వాళ్లకు అలవాటైన చోటు నుంచి వాళ్లు ఆలోచించారు.

పొర దొరికింది. కానీ ఒక పెద్ద కంపెనీ గని తెరిచేంత లేదు. అదే సమయంలో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చి రాగి ధర పౌనుకు డాలరు కంటే బాగా కిందికి పడిపోయింది. బంగారం ఔన్సు 300 డాలర్లలోపే. ప్రపంచమంతటా అన్వేషణ బడ్జెట్లు కోసేస్తున్న రోజులు. రైలు లేదు, రోడ్డు లేదు, కరెంటు లేదు. అలాంటి చోట ఇంకా లోతుకు తవ్వుతామని పైవాళ్లను ఒప్పించడం తేలిక కాదు. 1999లో వేరే భాగస్వామి కోసం చూశారు. 2000లో రాబర్ట్ ఫ్రీడ్‌లాండ్ నడిపే ఐవన్‌హో మైన్స్ ఒప్పందం చేసుకుంది.

చాలామందికి తెలియని సంగతి, ఐవన్‌హో కూడా మొదట చాల్కోసైట్ పొర కోసమే వెతికింది. 2000లో వందకు పైగా రంధ్రాలు వేశారు. అవీ లోతు తక్కువవే, గొప్ప ఫలితమూ రాలేదు. ఆ తర్వాత ప్రశ్న మార్చారు. పైన ఇంత రాగి కరిగి కారిందంటే అది వచ్చిన అసలు మూలం ఏది? 2001లో లోతైన రంధ్రాలు కొన్ని వేశారు. వాటిలో నైరుతి భాగాన వేసిన ఓటీడీ-150 అనే రంధ్రంలో 70 మీటర్ల లోతు నుంచి మొదలై 508 మీటర్ల పొడవునా ఖనిజం తగిలింది. రాగి సగటు 0.81 శాతం, బంగారం టన్నుకు 1.17 గ్రాములు.

ఆ నైరుతి భాగపు కోర్‌ను చూస్తే ఎవరికైనా చూపు తిప్పుకోబుద్ధి కాదు. కోర్ అంటే డ్రిల్లింగ్‌లో వచ్చే గుండ్రటి రాతి కడ్డీ. నల్లటి బసాల్ట్ మీద తెల్లటి పలుగు సిరలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వంకరలు తిరిగి ఉంటాయి. నీళ్లు చల్లితే సిరల అంచున ఇత్తడి రంగు చాల్కోపైరైట్ గీతలు తేలతాయి. దారానికి కట్టిన చిన్న అయస్కాంతం దగ్గరికి తెస్తే వెళ్లి అతుక్కుంటుంది, మాగ్నటైట్ అనే అయస్కాంత ఖనిజం అంతగా ఉంటుంది. బంగారం మాత్రం ఎక్కడా కనబడదు.

అసలు పెద్ద నిధి ఇంకా ఉత్తరాన ఉంది. 2002లో దొరికిన హ్యూగో డమెట్ భాగానికి నేల పైన పచ్చ మరక లేదు, పాత గుంత లేదు. తర్వాతి కాలపు శిలలు దాన్ని కప్పేశాయి. దాని మంచి భాగం వందల మీటర్ల లోతున మొదలై కిలోమీటరు దాటి దిగుతుంది. ఐపీ సర్వే సంకేతాలను, గొలుసు సాగుతున్న దిశను పట్టుకుని రంధ్రాలు వేసుకుంటూ పోతే తగిలింది. బీహెచ్‌పీ అన్వేషణలో పెద్ద పేరున్న హ్యూగో డమెట్ అదే ఏడాది రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆ భాగానికి ఆయన పేరే పెట్టారు.

బీహెచ్‌పీ పూర్తిగా చేతులు దులుపుకోలేదు కూడా. అమ్మకాల ఆదాయంలో 2 శాతం రాయల్టీ ఉంచుకుని, 2003లో దాన్ని 3.7 కోట్ల డాలర్లకు ఐవన్‌హోకే అమ్మేసింది. తర్వాత తేలిన విలువతో పోలిస్తే అది చాలా తక్కువ. కానీ వాళ్లు గీసిన పటాలు, తీసిన కోర్, వేసిన సర్వేలు లేకుండా 2001 నాటి రంధ్రం పడేది కాదు. నిక్షేపం కనిపెట్టిన ఘనతలో వాళ్లకూ వాటా ఉంది.

*

"సార్, షేర్ల గ్రూపుల్లో 'ఫలానా కంపెనీ డ్రిల్లింగ్‌లో ఇన్ని మీటర్లు, ఇన్ని గ్రాములు' అని మెసేజీలు వస్తున్నాయి. మీరు చెప్పిన 508 మీటర్ల లాంటి వార్త వస్తే కొనవచ్చా?"
— వ్యాపారి, విజయవాడ

షేరు కొనాలా వద్దా అన్నది నేను చెప్పేది కాదు. ఆ అంకెలను ఎలా చదవాలో చెప్పగలను.

0.81 శాతం అంటే టన్ను రాయిలో 8.1 కిలోల రాగి. 1.17 గ్రాముల బంగారం అంటే, ఒక్క రేణువు కూడా పోకుండా తీయగలిగినా, కాసు బంగారానికి దాదాపు 7 టన్నుల రాయి కావాలి. ఇంత తక్కువతో గని నడవడానికి కారణం రాయి కోట్ల టన్నుల్లో ఉండటం, రాగీ బంగారమూ కలిపి తీయగలగడం. పది మీటర్ల మందం ఉన్న సిరలో అదే గ్రేడు, అంటే లోహం పాలు, దొరికితే ఎవరూ ముట్టరు. కాబట్టి గ్రేడు ఒక్కటే చూస్తే లాభం లేదు.

రెండోది, పొడవు. రంధ్రం ఖనిజపు పొర వెంబడే జారితే 500 మీటర్ల 'మందం' కనబడుతుంది, నిజానికి పొర 20 మీటర్లే ఉండవచ్చు. అసలు మందం ఎంతో ఆ ప్రకటనలో రాశారా అని చూడండి. మొత్తం సగటును ఒక్క చిన్న ముక్కే పైకి లాగిందా అన్నదీ చూడండి. ఒక్క రంధ్రంతో నిక్షేపం కాదు. చుట్టూ వేసిన రంధ్రాలు ఒకదానితో ఒకటి పొంతన కుదిరాకే 'వనరు' అంటారు. దాన్ని లాభంగా తవ్వవచ్చని ఇంజనీర్లు లెక్కలతో తేల్చాకే 'నిల్వ' అంటారు. మన దేశపు నిబంధనల్లో జీ-4 నుంచి జీ-1 వరకు మెట్లు ఉన్నాయి. జీ-4 ప్రాథమిక పరిశీలన, జీ-1 సమగ్ర అన్వేషణ. జీ-4లో ఉన్నదాన్ని గని అని రాసే మెసేజీని నమ్మవద్దు.

మూడోది, కాలం. ఓయు టోల్గోయ్‌కు బీహెచ్‌పీ వెళ్లింది 1996లో. ప్రభుత్వంతో పెట్టుబడి ఒప్పందం కుదిరింది 2009లో. ఓపెన్ పిట్ నుంచి తొలి సరుకు బయటికి వెళ్లింది 2013లో. భూగర్భ గనిలో ఉత్పత్తి మొదలైంది 2023లో. అంతటి నిక్షేపానికే ఇంత కాలం పట్టింది.

ఇక మోసాల గురించి. ఇండోనేషియాలోని బుసాంగ్‌లో బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ ప్రపంచంలోనే పెద్ద బంగారు నిక్షేపం దొరికిందని చెప్పింది. షేరు ఆకాశానికెక్కింది. 1997లో ఫ్రీపోర్ట్ సంస్థ తానుగా వేసిన రంధ్రాల్లో ఏమీ కనబడలేదు. ఆ తర్వాత స్ట్రాత్‌కోనా అనే స్వతంత్ర సంస్థ పరీక్షించి, నమూనాల్లో బయటి నుంచి తెచ్చిన బంగారం కలిపారని తేల్చింది. ఆ రేణువులు ఏటి ఇసుకలో దొర్లి అంచులు అరిగినవి. రాతిలో పుట్టిన బంగారం అలా ఉండదు. అక్కడ కోర్ మొత్తాన్నీ పొడి చేసి ల్యాబుకు పంపారు, తిరిగి పరీక్షించడానికి సగం దాచలేదు. సక్రమంగా పనిచేసే చోట కోర్‌ను నిలువునా రంపంతో కోసి సగమే ల్యాబుకు పంపుతారు, మిగతా సగం పెట్టెలో ఉంచుతారు. మధ్యమధ్య గ్రేడు తెలిసిన నమూనాలను, ఏమీ లేని నమూనాలను ల్యాబుకు చెప్పకుండా కలుపుతారు. బ్రె-ఎక్స్ తర్వాత కెనడా 2001లో ప్రకటనలకు కట్టుదిట్టమైన నిబంధన తెచ్చింది. బాధ్యత తీసుకుని సంతకం పెట్టే నిపుణుడి పేరు తప్పనిసరి అయింది. మీకొచ్చిన మెసేజీ కింద అలాంటి పేరేమైనా ఉందా అని ముందు చూడండి.

*

"మా చేనిలో దున్నుతుంటే పచ్చగా మెరిసే రాయి దొరికింది. బంగారమేనా? దాన్ని ఏం చేయాలి?"
— రైతు, తుగ్గలి దగ్గర

మీ ప్రాంతంలో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం పొలాల్లో వెతుకుతారు కాబట్టి మీ ఆశ నాకు అర్థమైంది. ముందు సూదితో గుచ్చి చూడండి. బంగారమైతే మెత్తగా గుంట పడుతుంది. పొడిగా రాలితే పైరైట్ అనే ఖనిజం. పొరలు పొరలుగా లేస్తే కాకిబంగారం. తర్వాత గచ్చు టైలు వెనకవైపు, నునుపు లేని చోట, గట్టిగా గీయండి. కంసాలి గీటురాయి మీద చేసే పనే ఇదీ. పసుపు గీత పడితే సంతోషమే. పైరైట్‌కైనా చాల్కోపైరైట్‌కైనా నల్లటి, కాస్త ఆకుపచ్చ తిరిగిన గీత పడుతుంది.

పైరైట్ అని తేలినంత మాత్రాన పారేయకండి. మీ వైపు పలుగురాతిలో పైరైట్ ఉంటే పక్కన సన్నటి బంగారం ఉండే అవకాశం లేకపోలేదు. దొరికిన చోటుకు ఒక గుర్తు పెట్టుకుని, రాయిని జిల్లా గనుల శాఖ కార్యాలయానికి తీసుకెళ్లండి. ఎక్కడ దొరికిందో తెలియని రాయి భూవిజ్ఞానికి పెద్దగా అక్కరకు రాదు.

*

"అనంతపురం వైపు గుక్కెడు నీళ్ల కోసం ఎన్ని తంటాలో మాకు తెలుసు. ఎడారిలో అంత పెద్ద గనికి నీళ్లు ఎక్కడివి? అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్ల సంగతేమిటి?"
— గృహిణి, రామగిరి ప్రాంతం

అమ్మా, ఈ ప్రశ్న రాని వ్యాసం అసంపూర్తి. మీరు అడిగినందుకు సంతోషం.

గనికి నీరు గునీ హూలోయ్ అనే లోతైన భూగర్భ జలాశయం నుంచి వస్తుంది. అది ఏనాటిదో పాత నీరు, ఉప్పదనం ఉన్నది, మనుషులూ పశువులూ తాగడానికి పనికిరానిది. పశుపాలకులు వాడుకునేది పైపొరల్లోని బావుల నీరు. రెంటికీ సంబంధం లేదన్నది గని నడిపే కంపెనీ మాట. దానిమీదే గొడవ. బోరు లోపల కేసింగ్ సరిగా దిగకపోతే పై నీరు కిందికి జారిపోతుంది. మన ఊళ్లలో పక్కింటి బోరు వేశాక బావి ఎండిపోయిన అనుభవం ఉన్నవారికి ఈ భయం వివరించనక్కర్లేదు. దీనికి తోడు ఉందై అనే వాగును గని కోసం పక్కకు మళ్లించారు. ఏడాదిలో చాలాకాలం పైకి ఎండి కనబడినా, ఇసుక కింద నీరు నడిచే వాగు అది. ఒంటెలకూ గొర్రెలకూ ఆ ఊట నీరే ఆధారం.

2012లో పశుపాలకులు ప్రపంచ బ్యాంకు బృందంలోని ఫిర్యాదుల విభాగానికి ఫిర్యాదు చేశారు. గనికి అప్పు ఇచ్చే సంస్థ ఆ బృందంలోదే కాబట్టి వాళ్లకు అక్కడ మాట్లాడే చోటు దొరికింది. ఏళ్ల తరబడి చర్చలు, స్వతంత్ర నిపుణుల పరిశీలనలు జరిగాక 2017లో కంపెనీ, స్థానిక ప్రభుత్వం, పశుపాలకుల ప్రతినిధులు ఒప్పందం చేసుకున్నారు. పరిహారం, కొత్త బావులు, మేతభూముల సంరక్షణ అందులో ఉన్నాయి. అయిదేళ్లు పట్టింది. మంద అయిదేళ్లు ఆగదు.

డబ్బు వాటా మీదా తగాదా నడిచింది. మంగోలియాకు గనిలో 34 శాతం వాటా ఉంది. కానీ ఆ వాటాకు పెట్టుబడి డబ్బును కంపెనీయే అప్పుగా ఇచ్చింది. అప్పు పెరుగుతూ పోయింది, లాభం కనుచూపు మేరలో లేదు. చివరికి 2022 జనవరిలో సుమారు 240 కోట్ల డాలర్ల అప్పు రద్దయ్యాకే భూగర్భ గని పనులు ముందుకు కదిలాయి. నేల లోపల ఏముందో కనిపెట్టేవాళ్లం మేం. దాన్ని ఎవరి షరతుల మీద తవ్వాలన్నది అక్కడ బతికేవాళ్లతో ముందే తేల్చుకోవాలి, గొయ్యి తవ్వాక కాదు.

*

"అక్కడే బంగారం కరిగించి బిస్కెట్లు చేస్తారా?"
— పదో తరగతి విద్యార్థి, ఏలూరు

చేయరు బాబూ. రాయిని పిండిగా కొట్టి, నీళ్లలో రసాయనాలు కలిపి బుడగలు పుట్టిస్తారు. రాగి ఖనిజం రేణువులు బుడగలకు అంటుకుని నురుగుతో పైకి తేలతాయి, ఉత్త రాయి మునుగుతుంది. నురుగును ఆరబెడితే నల్లటి పొడి, అదే కాన్సంట్రేట్. దాన్ని పెద్ద సంచుల్లో నింపి లారీల మీద చైనా సరిహద్దు దాటిస్తారు. అక్కడి కొలిమిలో రాగి కరిగించి పలకలు పోస్తారు. ఆ పలకలను కరెంటుతో శుద్ధి చేసేటప్పుడు రాగి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు వెళ్లిపోతుంది. కరగని బంగారం, వెండి అడుగున బురదగా దిగుతాయి. బిస్కెట్ పుట్టేది ఆ బురదలోంచి. గుజరాత్‌లోని దహేజ్ రాగి కర్మాగారంలో కూడా బంగారం ఇలాగే వస్తుంది.

*

"ఓయు టోల్గోయ్ లాంటిది మన రెండు రాష్ట్రాల్లో దొరికే అవకాశం ఉందా? నేను ఎమ్మెస్సీ తర్వాత అన్వేషణలోకి వెళ్లాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?"
— విద్యార్థి, హైదరాబాద్

సరిగ్గా అలాంటిదే అంటే కష్టం. పోర్ఫిరీలు భూమికి కొద్ది కిలోమీటర్ల లోతులోనే పుడతాయి. పైన పర్వతం అరిగిపోతే వాటితోపాటే కొట్టుకుపోతాయి. అందుకే ఇప్పుడు తవ్వుతున్న పెద్ద పోర్ఫిరీల్లో ఎక్కువ భాగం భూమి చరిత్రలో నిన్నమొన్నటివి. 37 కోట్ల ఏళ్ల ఓయు టోల్గోయ్ మిగలడానికి కారణం, పుట్టాక అది ఇతర శిలల కింద పూడిపోవడం. కోలార్, రామగిరి బంగారం ఉన్న మన ధార్వార్ శిలలు దానికంటే ఎన్నో రెట్లు పాతవి, చాలా లోతు వరకు కోతకు గురైనవి. మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ రాగి నిక్షేపాన్ని అతి పురాతన పోర్ఫిరీ అని కొందరు శాస్త్రజ్ఞులు అంటారు, మరికొందరు ఒప్పుకోరు. ఆ వాదనలు రెండువైపులా చదవండి, చాలా నేర్చుకుంటారు.

మనకు ఉన్నవి వేరే రకాలు. జొన్నగిరిలో పగుళ్ల వెంట వచ్చిన బంగారం. కొందరు చరిత్రకారులు అశోకుడి సువర్ణగిరి ఇదే అంటారు, ఎర్రగుడి శాసనం దగ్గర్లోనే ఉంది. కుప్పం వైపు చిగురుగుంట, కోలార్ శిలల దక్షిణపు కొస. పల్నాడులో అగ్నిగుండాల రాగి, సీసం, నల్లమల అవక్షేప శిలల్లో ఉన్నవి. కొత్తగూడెం వైపు మైలారం రాగి. ఇవి చిన్నవని తీసిపారేయడం నాకు నచ్చదు. వీటిలో చాలాచోట్ల పాత రంధ్రాలు లోతు తక్కువలోనే ఆగిపోయాయి, ఆనాటి ధరలకూ ఆనాటి యంత్రాలకూ తగ్గట్టు.

ఎక్కడ మొదలుపెట్టాలన్నారు. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పోర్టల్ తెరిచింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) పటాలు, రసాయన సర్వేలు, నివేదికలు అందులో దొరుకుతాయి. పైన చెప్పిన చోట్లలో ఒకటి ఎంచుకోండి. పాత నివేదిక తీసి ప్రతి రంధ్రం లాగ్‌నూ మీ చేత్తో గ్రాఫ్ కాగితం మీద గీయండి. రాయి ఎక్కడ మారింది, సిరలు ఎక్కడ ఎక్కువయ్యాయి, రంధ్రం ఏ లోతున ఆగింది, ఆపడానికి రాసిన కారణం ఏమిటి అన్నవి పక్కన రాసుకోండి. ఖనిజం తగులుతుండగానే ఆగిపోయిన రంధ్రాలు కొన్ని తప్పకుండా కనబడతాయి. వాటి నంబర్లు విడిగా ఒక పుస్తకంలో ఎక్కించి, ఆ తర్వాత సుత్తీ భూతద్దమూ పట్టుకుని ఆ చోటికి వెళ్లండి.